ఖాజాగూడ లేవీయులు

1949 జూన్‌లో నన్ను ఖాజాగూడకు బైబిల్ స్త్రీగా వేశారు. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, ప్రార్థన నేర్పడం ఆ కొలువు. పాస్టరుగారి కింద సువార్తికులు, వాళ్ల కింద మేము. మా పని చూసేది మిషను తరఫు తెల్ల దొరసానిగారు. మొదటి మూడు నెలలు పరీక్ష. ఆమె వచ్చి చూసి సరే అంటేనే కొలువు నిలుస్తుంది, లేదంటే ఇంటికే. నేను బడి మెట్టు ఎక్కినదాన్ని కాదు, మా నాయన ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన చదువే. ఆ చదువుకు కొలువు దొరకడం ప్రభువు కృప. దాన్ని పోగొట్టుకోవాలని లేదు.

ఆ నెలల్లో లేవీయుల పాఠం చెప్పాను. ఇశ్రాయేలీయుల్లో లేవీ గోత్రానికి భూమి పంచలేదు; దేవుని గుడారపు సేవే వాళ్ల వంతు. గుడారం కదిలినప్పుడల్లా గెర్షోను వంశం తెరలు, మెరారి వంశం పలకలు, స్తంభాలు బండ్ల మీద తీసుకుపోవాలి. కహాతు వంశం పరిశుద్ధ వస్తువులను భుజాల మీదే మోయాలి. చేత్తో ముట్టుకుంటే చావే. జాతరలో డప్పు ఎవరిది, దివిటీ ఎవరిది అని తరాలుగా పంచుకున్న ఊరికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. వాళ్లు అంత శ్రద్ధగా ఇంకే పాఠమూ వినలేదు. నేను మురిసిపోయాను.

సెప్టెంబరులో, పాత పాక నుంచి కొత్త ప్రార్థన మందిరానికి సామాను మార్చే రోజునే దొరసానిగారు వచ్చారు. సంఘపెద్ద యాకోబు తాత నాకు చెప్పకుండానే ఇళ్లను మూడు వంశాలుగా పంచేశాడు. చాపలు కొందరికి, బల్లలు కొందరికి. ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం పంచే గాజు పాత్రలున్న పెట్టె మాత్రం తన ఇంటివాళ్లకే.

చాపలు వచ్చిన మల్లమ్మ ఊరుకోలేదు. "యాకోబన్నా, లేవీ నీకెప్పటి సంది చుట్టమైండు?"

"లేవీ యాకోబు కొడుకే గద. నా పేరేంది మరి?" అన్నాడు తాత.

ఎడ్లబండి ఖాళీగా ఉంది, పెట్టె దాని మీద పెట్టమన్నాను. భుజాల మీదనే అని మీరే చెప్తిరి కదా అన్నారు తాత ఇంటివాళ్లు. దొరసానిగారి ముందు వాదన ఎందుకని పక్కకు తప్పుకున్నాను.

రెండు వెదురు బొంగులకు కట్టిన పెట్టె రాతి గుండ్ల మధ్య దారిలో పోతుండగా, ముందున్నవాడి కాలు బురదలో జారింది. పెట్టె ఒరిగింది. పక్కనే పదిమంది ఉన్నారు. అందరూ చేతులు కట్టుకున్నారు. మల్లమ్మ రెండడుగులు వెనక్కి కూడా వేసింది. నేను పరుగెత్తి పెట్టెను రెండు చేతులా పట్టుకుని, ఒళ్లో పెట్టుకుని బురదలో కూలబడ్డాను.

ఎవరూ నన్ను లేపలేదు. ఏమవుతుందోనని చూస్తున్నారు. చివరికి మల్లమ్మ వంగి అడిగింది. "పంతులమ్మా, పానం మంచిగనే ఉందా?"

ఉందన్నాను.

"జర సేపు చూద్దాం," అన్నాడు యాకోబు తాత.

దొరసానిగారు సంగతేమిటన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: ఆ ఆజ్ఞ ఆ గుడారానికి, ఆ కాలానికి ఇచ్చినది, మన మధ్య అలాంటి వంశాలు లేవు, ఆ సగం నేను చెప్పలేదు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. ఆ సగం ఇక్కడే చెప్పమన్నారు. బురద చీరతోనే చెప్పాను. విన్నాక మల్లమ్మ చాపలు కింద పెట్టి వచ్చి పెట్టె ఒక పక్క పట్టుకుంది. యాకోబు తాత ఆ చాపల చుట్ట నెత్తిన పెట్టుకున్నాడు.

నా దినచర్య పుస్తకంలో దొరసానిగారు ఇంగ్లీషులో రాసిన మాట పాస్టరుగారు చదివి వినిపించారు: ఈమె చెప్పినట్టు జనం చేస్తున్నారు, అందుచేత పరీక్ష ఇంకొక నెల పొడిగించడమైనది. ఆ నెల గడిచాక కొలువు స్థిరపడింది, దేవునికి స్తోత్రం.

విననివాళ్లకు సగం చెప్పినా పెద్ద నష్టం లేదు. శ్రద్ధగా వినేవాళ్లకు సగం చెప్పకూడదు. కొలువు విరమించేవరకు ఏ పాఠమైనా, అది ఎవరికి ఇచ్చిన ఆజ్ఞో ముందు చెప్పి, ఆజ్ఞ ఆ తరవాతే చెప్పాను.