లేని కిటికీని తెరిచిన పద్దెనిమిది మంది

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా సార్ పోయారు. గద్వాలలో ఇంటి ముందు బండి స్టార్ట్ చేస్తూ కూలబడ్డారట. కర్నూలు దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. ఈ మాట నాకు ఫోన్ చేసి చెప్పింది మా వనపర్తి కాలేజీ ఆఫీసు వాళ్ళు. చెప్పిన గంటకే ఒక మెయిల్ కూడా పంపారు. కాలేజీలో సంతాప సభ పెడుతున్నారట. ఆయన దగ్గర చదువుకుని హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పిల్లగా నేను నాలుగు మాటలు రాసివ్వాలట. ఎట్లా రాయాలో తెలియకపోతే చూసి రాయమని, అంతకుముందు ఏడాది చనిపోయిన ఇంకో లెక్చరర్ మీద ఎవరో రాసిన వ్యాసం కూడా జతచేశారు. 'ఎల్లప్పుడూ చిరునవ్వుతో అందరినీ పలకరించే' అని మొదలవుతుంది అది.

మా సార్ చిరునవ్వుతో ఎవరినీ పలకరించలేదు. మూడేళ్ళలో ఆయన నవ్వగా నేను చూసింది రెండుసార్లు. ఒకసారి టీ కొట్టు దగ్గర మేకపిల్ల ఎవరిదో దస్తీ నమిలేస్తుంటే, ఇంకోసారి చచ్చిపోయిందనుకున్న రౌటర్‌కు లైట్లు వెలిగినప్పుడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. నేను ఉన్న కళ్ళనే రాస్తాను. నమూనా చూసి మాత్రం రాయను. ఎందుకు రాయనో చెప్పాలంటే ఆయన సంగతే చెప్పాలి.

నాది కోడేరు దగ్గర ఒక పల్లె. అమ్మా నాయినా పూనాలో మట్టి పని. నేను వనపర్తిలో హాస్టల్లో ఉండి, ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ డిగ్రీ చదివాను. సార్ మాకు నెట్‌వర్కింగ్ చెప్పేవారు. రోజూ గద్వాల నుంచి బస్సులో వచ్చేవారు. రొట్టెలు, టమాట చట్నీ ఉన్న సంచిలోనే చుట్ట చుట్టిన నీలిరంగు కేబుల్ కూడా ఉండేది. ల్యాబ్‌లో అలమారా ఉన్నా ఆ కేబుల్‌ను కాలేజీలో వదిలేవారు కాదు. అలమారాలో పెడితే అది అలమారాకే పనికొస్తుందనేవారు.

మొదటి రోజు ఒక్కొక్కరినీ లేపి మీ నాయిన ఏం చేస్తడని అడిగారు. నా వంతు వచ్చేసరికి తలొంచుకుని లేచాను. "మట్టి పని సార్. పూనాల టెలిఫోన్ కేబుళ్ళకు కాలువలు తవ్వుతరు" అన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సార్ అటు చూడనైనా చూడలేదు.

"కేబుల్ పాతింది మీ నాయిన. అందుల ఏం పోతదో నువ్వు తెలుసుకో. గంతే లెక్క" అన్నారు. "ఇగో బిడ్డా, రౌటర్‌కు నీ ఊరు తెల్వదు. నీ కులం తెల్వదు. నువ్వు సక్కగ అడిగితె సక్కగ చెప్తది."

రౌటర్ అంటే ఒక ఇనుప డబ్బా. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దారి చూపించేది. దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. దానితో మాట్లాడాలంటే కంప్యూటర్ నుంచి దానికి సార్ సంచిలోని ఆ నీలి కేబుల్ తగిలించి, కంప్యూటర్‌లో టెర్మినల్ అనే ప్రోగ్రామ్ తెరవాలి. నల్లటి కిటికీ ఒకటి వస్తుంది. మనం ఒక ముక్క రాస్తే అది ఒక ముక్క చెబుతుంది. పద్దెనిమిది మందికి మాకున్నది ఒక్క రౌటర్, అదీ సార్ హైదరాబాదులో పాతది వెతికి తెచ్చింది.

కాలేజీ చదువుల్లో ల్యాబ్ రికార్డు అనేదొకటి ఉంటుంది. ఏ ప్రయోగం చేశామో, ఎట్లా చేశామో, ఏం వచ్చిందో అందులో రాయాలి. మేమెవ్వరం అట్లా రాయలేదు. సీనియర్ల రికార్డు తెచ్చి మక్కికి మక్కి దించేవాళ్ళం. ఒక సీనియర్ అక్క బొమ్మ గీస్తూ కేబుల్‌ను పొరపాటున ప్రింటర్‌కు తగిలిస్తే, మా పద్దెనిమిది రికార్డుల్లోనూ కేబుల్ పోయి ప్రింటర్‌కే తగిలింది. ఇది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు. దించడం కూడా చదువే అనుకున్నాం.

మా చివరి ఏడు కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, కొత్త విండోస్‌తో. పాత విండోస్‌లో హైపర్ టెర్మినల్ అనే ప్రోగ్రామ్ దానితోపాటే వచ్చేది. కొత్తదాంట్లో అది లేదు. ఆ సంగతి మాకు తెలియదు. సీనియర్ల రికార్డులో ఉన్నట్టే 'స్టార్ట్ నొక్కి, యాక్సెసరీస్‌లోకి పోయి, హైపర్ టెర్మినల్ తెరిచాను' అని రాసి, నీటుగా అట్ట వేసి, సార్ బల్ల మీద పెట్టాం.

సార్ అన్నీ చదివారు. మొదటి పేరు నాదే పిలిచారు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

"తెరువు."

"ఏది సార్?"

"నువ్వు రాసిందే. తెరిచిన అని రాసినవు గద. నాకు జర చూపి."

స్టార్ట్ నొక్కాను. యాక్సెసరీస్‌లోకి పోయాను. ఎంత వెతికినా లేదు. అందరికీ అప్పుడే అర్థమైంది.

"పద్దెనిమిది మంది లేనిదాన్ని తెరిచిన్రు" అన్నారు సార్. "మీకు డిగ్రీ ఎందుకు? మంత్రాలు చదువుకొని బతుకుర్రి."

రికార్డులు చింపుతారనుకున్నాం. చింపలేదు. ప్రతి పేజీ కింద 'ఇది నేను చేయలేదు, చూసి రాశాను' అని రాయించి సంతకం పెట్టించారు. చింపితే బాగుండేది. సొంత చేత్తో ఆ మాట రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. రాస్తూ రాస్తూ కోపం కూడా వచ్చింది. సార్ మీద కాదు, ఇన్నేళ్ళూ మమ్మల్ని గొర్రెల్లాగా నడిపించిన చదువు మీద.

ఆ తర్వాత ఆయన పెట్టిన పని ఇది. టెర్మినల్ ప్రోగ్రాములు ఊరికే దొరికేవి ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. ఎవరికి వారు వారం రోజులు వాడి చూసి, ఒకటి ఎంచుకోవాలి. ఎందుకు ఎంచుకున్నారో నిలబడి చెప్పాలి. చెప్పలేనివాళ్ళకు కేబుల్ ఇవ్వరు. "ఎందుకో చెప్పు, అప్పుడు తెరువు" అన్నది ఆయన మాట.

నవ్వకండి. అప్పటిదాకా మా బతుకుల్లో మేం ఎంచుకున్నది ఏదీ లేదు. ఏ హాస్టల్లో సీటు వస్తే ఆ హాస్టల్, ఏ కోర్సులో ఖాళీ ఉంటే ఆ కోర్సు. ఎవరూ మమ్మల్ని నీకేది కావాలని అడగలేదు. అడిగినా ఎందుకని అడగలేదు.

పాన్‌గల్ నుంచి వచ్చే ఒకబ్బాయి పుట్టీ అనే ప్రోగ్రామ్ ఎంచుకున్నాడు. "ఒకటే చిన్న ఫైల్ సార్. ఇన్‌స్టాల్ చేసే పని లేదు. నాకు కంప్యూటర్ లేదు, నెట్ సెంటర్ల చేసుకోవాలె. జేబుల ఏసుకొని పోవచ్చు" అన్నాడు. సార్ తలూపి కేబుల్ ఇచ్చారు. కల్వకుర్తి అమ్మాయి పాత కంప్యూటర్‌లోని హైపర్ టెర్మినలే కావాలంది. అలవాటైంది సార్ అంది. "అలవాటు నీదా, మీ సీనియర్దా?" అని అడిగి కూర్చోబెట్టారు.

నేను టెరా టెర్మ్ చెప్పాను. "ఇది తెర మీద పడ్డదంత ఫైల్ల రాసిపెడతది సార్. అచ్చు తీసుకొని హాస్టల్ల సదువుకుంట."

"నువ్వు చేసిన తప్పులు కూడ పడతయి అందుల."

"తీసేస్త సార్."

"తీసేస్తె ల్యాబ్‌లకెళ్ళి నిన్నే తీసేస్త. తప్పు ఉంటెనే అది నువ్వు చేసినట్టు."

ఇంకో అలవాటుండేది ఆయనకు. క్లాసుకు ముందే వచ్చి, కంప్యూటర్ వైపు వేగం మార్చి పెట్టేవారు. రౌటర్ ఏ వేగంతో అక్షరాలు పంపుతుందో కంప్యూటర్ కూడా అదే వేగంతో చదవాలి, లేకపోతే తెర నిండా పిచ్చి గీతలు, చుక్కలు, చెత్త. మేం కూర్చోగానే ఆ చెత్త కనపడేది. దాన్ని మేమే సరిచేసుకోవాలి. ఎవరైనా ఏంది సార్ ఇది అంటే, దస్తీతో కీబోర్డు తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూసేవారు. ఆదివారాలు కూడా చేసుకుంటామంటే మా అటెండర్ మామ వచ్చి తాళం తీసేవాడు. ఆయనది కాలేజీలో పాత కొలువు, ప్రిన్సిపాల్‌కు చెప్పకుండానే తీసేవాడు.

మేం సొంతంగా రాసిన కొత్త రికార్డులు చూసి ప్రిన్సిపాల్ గారు సార్‌ను పిలిపించారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అన్నారట. ల్యాబ్ పనికి యూనివర్సిటీ ఇచ్చిన మాన్యువల్‌లో హైపర్ టెర్మినల్ అని ఉండగా, పద్దెనిమిది రికార్డుల్లో నాలుగు రకాల పేర్లు ఉంటే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఊరుకుంటాడా అన్నారట. సార్ ఏం జవాబు చెప్పారో తెలియదు. మా రికార్డులు మాత్రం మారలేదు.

ప్రాక్టికల్స్‌కు ముందు అమ్మ పూనా నుంచి ఫోన్ చేసింది. "ఈ పరీక్ష పోతె ఇగ చాలు బిడ్డా. వచ్చే సుగ్గికి వలస పోయేటప్పుడు మాతోని రా. ఇద్దరి చేతులతోని ఇల్లు ఎల్తలేదు" అంది. అమ్మను తప్పు పట్టను. అయితే పార పట్టనని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఎగ్జామినర్ వచ్చి రికార్డులు తిరగేశాడు. ముఖం మాడింది. మాన్యువల్‌లో లేని ప్రోగ్రాములు వాడితే అందరినీ ఫెయిల్ చేయాల్సి వస్తుందన్నాడు. ప్రిన్సిపాల్ గారు అటెండర్ మామను పంపి పాత రికార్డుల కట్ట తెప్పించారు. గంటలో అందరం వాటిని చూసి తిరగరాసేస్తే చాలు, సంగతి ఇక్కడితో అయిపోతుందన్నారు. మామ కట్ట మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, పోకుండా గోడ పక్కన నిలబడ్డాడు.

సార్ లేచారు. "లేనిదాన్ని మళ్ళ తెరవమంటున్రు పిల్లల్ని. తెరుస్తె మార్కుల కాగితం మీద నా సంతకం పెట్ట" అన్నారు. ఆ కాగితం మీద కాలేజీ తరఫున ఆయన సంతకం లేకపోతే మార్కులు చెల్లవు. "ఎవరినన్న ఒక్కరిని పిలువుర్రి సార్. రౌటర్‌తోని మాట్లాడితె మార్కులెయ్యిర్రి. మాట్లాడకుంటె సున్న ఎయ్యిర్రి, ఆ సున్న కింద సంతకం పెడ్త."

ఎగ్జామినర్ వేలు నా మీదికి వచ్చింది.

కూర్చుని టెరా టెర్మ్ కిటికీ తెరిచాను. తెర నిండా చెత్త. పరీక్ష రోజు కూడా సార్ వేగం మార్చి పెట్టారు! "చూశారా, మాన్యువల్ ప్రకారం పోతే ఈ తిప్పలుండేవా" అన్నాడు ఎగ్జామినర్. సార్ వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఒక వేగం పెట్టాను, చెత్త. ఇంకోటి పెట్టాను, చెత్త. మూడోదానికి అక్షరాలు తేటగా వచ్చి నిలబడ్డాయి. ఎగ్జామినర్ చెప్పిన పని మొదలుపెట్టాను. ఒక అడ్రస్ తప్పు కొట్టాను, రౌటర్ ఒప్పుకోలేదు, దిద్దాను. అయ్యాక మొత్తం అచ్చు తీసి ఎగ్జామినర్ చేతిలో పెట్టాను.

"ఈ తప్పులెందుకు తీసెయ్యలేదు?"

"అవి నేను చేసినయి సార్" అన్నాను. "పాత రికార్డుల ఒక్క తప్పు కూడ ఉండదు సార్. ఎందుకంటె ఎవరు చెయ్యలేదు గనక."

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు. తర్వాత మిగతావాళ్ళను కూడా ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చేయించాడు. మాన్యువల్ ప్రకారం చేయనందుకు అందరికీ కొన్ని మార్కులు తెగ్గోసి పాస్ చేశాడు. సార్ సంతకం పెట్టారు. తెగ్గోసినందుకు ఇప్పటికీ నాకు కోపమే.

సెలవులయ్యాక కాలేజీ పెట్టిన కొత్త ఏడాది టీచర్ల జాబితాలో సార్ పేరు లేదు. మేం నలుగురం గద్వాల పోయాం. ఇంటి పక్క గదిలో ఇద్దరు ముగ్గురికి పాఠం చెబుతున్నారు. మా కోసం మీ ఉద్యోగం పోయిందని నేను ఏడ్చాను.

"మీ కోసమని ఎవరు చెప్పిన్రు?" అని కసిరారు. "నా సంతకం నాది. మీకేం సంబంధం? చాయ్ తాగి పోర్రి."

ఆయన నాకు చివరగా చెప్పిన మాట అదే.

నమూనా చూసి నేనేమీ రాసివ్వలేదు. సభకు మాత్రం పోయాను. ఫోటోకు పెద్ద దండ వేశారు. ప్రిన్సిపాల్ గారు సంతాప తీర్మానం చదివారు. 'సొంత కారణాలతో స్వచ్ఛందంగా వైదొలిగినప్పటికీ మా కళాశాలను ఎన్నడూ మరువని' అని ఉంది అందులో. తర్వాత ఆ తీర్మానం రాసిన పుస్తకాన్ని సంతకాల కోసం అటెండర్ మామతో వరసలోకి పంపారు. ముందు కూర్చున్నవాళ్ళంతా చదవకుండానే సంతకాలు చేశారు.

నా దగ్గరికి వచ్చాక చదివాను. దాని కింద రాశాను: 'సార్ తనంతట తాను పోలేదు. చేయని పనికి సంతకం పెట్టనన్నందుకు తీసేశారు. ఇది నేను చూశాను.' కింద నా పేరు, ఊరు రాసి పుస్తకం మామ చేతికిచ్చాను.

ఆయన వెంటనే కదల్లేదు. వేలు పెట్టి నేను రాసింది మెల్లగా చదువుకున్నాడు. పుస్తకాన్ని తీసుకుపోయి గోడ పక్క కిటికీ గట్టు మీద పెట్టాడు. మళ్ళీ నా దగ్గరికి వచ్చి చేయి చాపాడు.

"జర పెన్ను ఇయ్యి బిడ్డా."

"మామా, నీ కొలువు..." అన్నాను.

"ఆ దినం కట్ట మోసుకొచ్చింది నేనే గద. నేను సూడలేదా?"

వేదిక మీంచి మైకులో పుస్తకం తెమ్మని పిలిచారు. కాసేపటికి మళ్ళీ, ఈసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచారు. హాలంతా తల తిప్పి చూసింది. మామ తలెత్తలేదు. ఒక చేత్తో పేజీ కదలకుండా పట్టుకుని, గట్టు మీదికి వంగి, తన పేరులో మూడో అక్షరం రాస్తున్నాడు.