అమ్మ చెయ్యి పెట్టి చూసిన పొట్టు

కుందేలు కింద ఏం పరవాలో తేల్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. కాశీబుగ్గ బజారులో దాన్ని కొన్న రోజు న్యూస్‌పేపరు పరిచాను, తడిసి ముద్దయింది. రంపపు పొట్టు తెస్తే ఒకటే తుమ్ములు. ఆఖరికి ఎండుగడ్డి కుదిరింది. తిన్నా భయం లేదు, పడుకున్నా మెత్తనే. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నేను మిషను కుడుతుంటే అది నా కాలికి ఆనుకుని పడుకునేది. నాకు దాని మీద పిచ్చి ప్రేమ, దాచుకోవడమెందుకు!

అమ్మ ముప్పై ఏళ్లుగా జీడిపిక్కలు కొట్టే పనికి పోతోంది. వానాకాలం వచ్చేసరికి గడ్డికి బూజు పట్టింది. "ఇప్పుడేటి ఎయ్యను?" అని ఆమె మీద విసుక్కున్నాను. మర్నాడు జీడిపప్పు మీంచి ఒలిచే ఎర్రపొట్టు సంచీడు తెచ్చింది.

పిక్క పెంకులోని నూనె ఒళ్లు కాలుస్తుందని మా వైపు పసిపిల్లకైనా తెలుసు. నేనూ అడిగాను.

"అమ్మా, పెంకేటైనా కలిసిందేటి?"

"ముక్క ముక్కా ఏరినానే అమ్మీ. సెయ్యెట్టి నలిపి మరీ సూసినాను, ఏటీ మండనేదు. పరుపునాగుంది, ఎయ్యి."

వేశాను.

రెండో రోజుకి కుందేలు పాదాలు ఎర్రగా పొక్కాయి. అది వాటిని నాకుతూనే ఉంది. మూతి వాచింది, మేత ముట్టలేదు. బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. పొట్టుకే నూనె అంటి ఉందని, నాకి నాకి నోరు కాలిందని, మేత మానేసిన కుందేలు నిలవడం కష్టమని చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం నా ఒళ్లోనే పోయింది.

ఇంక నా నోరు ఆగలేదు. "నువ్వే సంపేసినావు! సెయ్యెట్టి సూసినానన్నావు కదా!" అని అమ్మ మీద అరిచాను. ఆమె పెరట్లోకి వెళ్లిపోయింది.

చాలాసేపటికి వెళ్లి చూశాను. సంచి ముందు పెట్టుకుని, గుప్పెడు పొట్టు పిడికిట్లో బిగించి కూర్చుంది.

"ఓలమ్మో, ఏటి సేత్తన్నావే?"

"ఇంకా మండనేదే అమ్మీ," అంది ఏడుస్తూ. "మండితే నాను ఎయ్యమందునా?"

పిడికిలి విప్పదీశాను. పిక్క నూనెకి నల్లబడి, చర్మం మందంగా బిరుసెక్కిన వేళ్లు. ఆ వేళ్లకి ముద్ర గీతలు కూడా లేవు. ఇన్నేళ్లు ఆ చేత్తో వండిన అన్నం తిని, ఒక్కసారైనా చూశానా? సిగ్గేసింది. చెంబుతో నీళ్లు పోసి కడుగుతుంటే, "సల్లగున్నాయేటే నీల్లు?" అని నన్నే అడిగింది.

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టేది కాదు. చెంప ఆనించి చూసేది. ముద్దు చేస్తోందనుకునేదాన్ని.