స్కాన్ గదిలో దీదీ

పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసే ఆవిడను అందరూ దీదీ అనేవారు. ప్రతి స్కాన్ తర్వాతా రోగికి ఎంత రేడియేషన్ అందిందో తెరమీద చూసుకుని, అప్పుడే తల పైకెత్తేది.

గరాచర్మలోని మా ఇంటి మేడమెట్ల మీంచి పడిన మా పాపను అక్కడికే తీసుకెళ్లాను. పాప ఏడుస్తూ కదలడంతో స్కాన్ బొమ్మలు కొంచెం మసకగా వచ్చాయి.

"ఇంకోసారి తీసెయ్ దీదీ, జల్దీ!" అని అరిచాను.

"రుకో భయ్యా. పసిపిల్ల కదా, ఊరికే ఇంకో డోసు ఎందుకు? ముందు డాక్టర్ సాబ్‌ని చూడనీండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ గొంతు మాత్రం పెంచలేదు. డాక్టరు వచ్చి చూసి, కావలసినంతా కనబడుతోందనీ, లోపల దెబ్బేమీ లేదనీ చెప్పారు.

దీదీ పాపను ఎత్తి నాకు అందించింది. "పాపకేమైనా అయిందేమోనని నాకూ భయమేసింది భయ్యా" అంది. అంత భయంలోనూ నా మాటకు లొంగలేదని అప్పుడు తెలిసింది.