రబ్బరు కోసేసిన పెన్సిళ్ళు

నెబ్రాస్కాలో మా చిన్న ఊరి బడిలో పాతికేళ్ళుగా లెక్కలు చెబుతున్నది నేను. కాలేజీ ప్రవేశ పరీక్ష అనేసరికి మాత్రం పిల్లలందరూ పరుగెత్తేది లోరీన్ కుబిచెక్ దగ్గరికి. ఆవిడ చదివింది పన్నెండో క్లాసు, నడిపేది బౌలింగ్ హాలు. నాకు ఒళ్ళు మండదా మరి!

ప్రతి శనివారం మధ్యాహ్నం హాల్లో ఒక మూల బల్ల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి గంటకి అరవై ప్రశ్నలు చేయిస్తుంది. వెనక బంతులు దొర్లుతుంటాయి, పిన్నులు ధడాలున కూలుతుంటాయి. "పరీక్షలో ఒకడు దగ్గుతాడు, ఇంకొకడు ముక్కు చీదుతాడు. ఈ గోలలో చేసినోళ్ళకి అదో లెక్కా?" అంటుంది. డెబ్బై ఏళ్ళొచ్చినా మైకు మింగినట్టుంటుంది గొంతు. పిల్లలు ఆవిణ్ణి కోచ్ అని పిలుస్తారు. నన్ను సార్ అంటారు, ఆవలిస్తూ.

పోయినేడు ట్రెసా హ్రుష్కా ఆవిడ చేతిలో పడింది. నర్సింగులో చేరాలంటే లెక్కల్లో ముప్ఫై ఆరుకి ఇరవై రెండు రావాలి. రెండుసార్లు రాస్తే రెండుసార్లూ పంతొమ్మిదే. దరఖాస్తు గడువులోపు మిగిలింది ఒకే ఒక్క పరీక్ష. ఈ పిల్లకి లెక్కలు రావని నేను ఎప్పుడో తేల్చేశాను. లోరీన్ అలా తేల్చకుండా, ఆ పిల్ల హాల్లో చేసిన జవాబు కాగితాన్ని లైటుకి ఎత్తి పట్టి చూసింది.

"పదకొండు చోట్ల చెరిపావు. అందులో తొమ్మిది ముందు పెట్టినవే ఒప్పులు. ఎందుకే చెరిపావ్?"

"మరీ తేలిగ్గా వచ్చేశాయి కోచ్. అంత తేలిగ్గా వచ్చాయంటే తప్పే అయ్యుంటాయనీ..."

"ఓసి నీ తెలివి తెల్లార!" అంటూ లోరీన్ వంటింటి కత్తెర తెచ్చి, పెన్సిళ్ళ చివర రబ్బర్లన్నీ కచకచా కోసేసింది. "ఇక చెరపడాల్లేవ్. ముందు పెట్టిందే నీ జవాబు."

ఏప్రిల్లో పరీక్ష మా బడిలోనే జరిగింది. కాపలా నాదే. ట్రెసా ఆ మొండి పెన్సిలుతోనే వచ్చింది. లెక్కల పేపరు ముగియడానికి ఇంకా పది నిమిషాలుందనగా చెయ్యెత్తింది.

"సార్, రబ్బరుందా?"

ఇవ్వననడానికి వీల్లేదు, ఎందుకని అడగడానికీ వీల్లేదు. ఇచ్చాను. ఆ పిల్ల చెరుపుతుంటే చూడలేక కిటికీ వైపు తిరిగాను. లోరీన్ మీద అసూయ మాట అటుంచితే, ట్రెసా గట్టెక్కాలని నాకూ ఉంది.

బయట లోరీన్ జామ్ పెట్టిన కొలాచీ బన్నుల డబ్బాతో కాచుక్కూచుంది. సంగతి వినగానే నా మీద పడింది.

"ఏమయ్యా వెండెల్, అడగ్గానే ఇచ్చేయడమేనా? బుద్ధుండక్కర్లా?"

"సార్ని అనకండి కోచ్, ముందిది వినండి," అంది ట్రెసా. "ఒకడు నూట ఇరవై మైళ్ళు గంటకి అరవై చొప్పున వెళ్ళాడు. అదే దారిలో నలభై చొప్పున తిరిగొచ్చాడు. మొత్తం మీద సగటు వేగమెంత?"

ప్రశ్నలు బయట మాట్లాడుకోకూడదని పొద్దున నేనే చదివి వినిపించాను. చెవులు మూసుకోవాల్సింది. మూసుకోలేదు.

"యాభై! అదీ ఒక ప్రశ్నేనా?" అంది లోరీన్.

"నేనూ అదే పెట్టాను. మళ్ళీ చూస్తే, వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి మూడు. అయిదు గంటల్లో రెండు వందల నలభై మైళ్ళు. అంటే నలభై ఎనిమిది."

లోరీన్ వేళ్ళు మడిచింది, విప్పింది, నా వైపు చూసింది. నేను తలూపాను. ఆ తలూపడంలో నాకెంత హాయిగా ఉందో దాచుకోను.

"ఇంకెన్ని చెరిపావే?"

"అదొక్కటే."

"మిగతావి తేలిగ్గా రాలేదా ఏం?"

"చాలా వచ్చాయి కోచ్. నాకు వచ్చు గనక వచ్చాయి."

లోరీన్ బన్నుల డబ్బా మూతతో సహా ఆ పిల్ల చేతుల్లో పెట్టేసింది.

మూడు వారాలకి మార్కులొచ్చాయి. ఇరవై మూడు. ట్రెసా ఆ కాగితం పట్టుకుని బౌలింగ్ హాలుకి పోకుండా ముందు నా గదికే వచ్చింది. నాకు సిగ్గేసింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"నీ విషయంలో నేను పొరబడ్డాను, ట్రెసా."

"తెలుసు సార్," అంది నవ్వుతూ. "అందుకే ముందు మీకు చూపిద్దామని వచ్చాను."