పేరు పెట్టి పిలవని నేస్తం

కిందటి నెల అరకులో ఒక పెద్ద హోటలు ముందు నన్ను మైకులో పేరు పెట్టి పిలిచారు. శుక్రవారం మధ్యాహ్నం, భోజనాల వేళ, లోపల బల్లలు ఖాళీ లేక జనం బయట బారులు తీరి ఉంటే, యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి అందరి పేర్లూ రాసుకుని వంతు వచ్చినప్పుడు పిలుస్తోంది. పెద్దవాళ్ల పేరు ఇస్తే కనికరించి తొందరగా పిలుస్తారేమోనని మా చెల్లెలి అల్లుడు నా పేరు రాయించాడు. కనికరమూ లేదు, తొందరా లేదు, ముప్పావుగంట నిలబెట్టారు. తీరా నా పేరు, చివర గారు కూడా తగిలించి, ఊరంతా వినబడేటట్టు మైకులో వచ్చింది. అదే ఊళ్లో, నా ఇరవయ్యో ఏట, నన్ను ప్రాణంగా చూసుకున్న ఒక మనిషి నా పేరు నోట పలక్కుండా ఏడాది గడిపింది, నేనూ ఆమె పేరు పలకలేదు, ఇప్పుడు ఆ పేరు నాకు గుర్తు లేదు. పెద్దమ్మకు కొండలు చూపించి తీసుకొద్దామని మా చెల్లెలి కూతురు అనుకుంది గానీ, శుక్రవారమే వెళదామని నేను పట్టుబట్టింది మాత్రం ఆమెను వెతుక్కోవడానికే.

మీలో మా ఈడు వాళ్లెవరైనా ఆ రోజుల్లో ఏజెన్సీలో ఉద్యోగం చేసి ఉంటే అప్పటి అరకు సంగతి నేను చెప్పక్కర్లేదు. రైలు దిగితే చలి, మంచు, రెండు టీ దుకాణాలు ఉండేవి, వాటిలో ఒకటి నేనున్నన్నాళ్లూ తెరిచి ఉండగా చూడలేదు. ఇప్పుడు రైలు పైకప్పు కూడా అద్దమే, కుర్చీ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, బొర్రా దగ్గర సొరంగాలు వచ్చినప్పుడల్లా పెట్టెలోని జనం కేకలు వేస్తారు. ఊళ్లోకి వస్తే కాఫీ దుకాణాలు, పచ్చగా పూసిన వలిసె చేలల్లో ఫోటోల కోసం కట్టిన ఉయ్యాలలు, గుడారాల బసలు, ఎటు చూసినా కార్లు. ఊరు బాగుపడలేదని నేననను, రోడ్డు వచ్చింది, ఆస్పత్రి వచ్చింది, కొండమీది ఆడపిల్లలు స్కూటర్ల మీద కాలేజీకి పోతున్నారు, ఇంతకన్నా ఏం కావాలి. కానీ బాగుపడిన ఊళ్లో పాత మనిషిని వెతుక్కోవడమంత దిక్కుమాలిన పని ఇంకొకటి లేదు.

మాది విజయనగరం పక్కన వ్యవసాయదారుల కుటుంబం. కుట్టుపనిలో పరీక్ష పాసయ్యానని నాకు అరకులో సర్కారు వారి శిక్షణ కేంద్రంలో కుట్టు టీచరు ఉద్యోగం వేశారు, మా నాన్న ఒక ట్రంకు పెట్టెతో సహా నన్ను అక్కడ దించి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. అక్కడికి శుక్రవారం సంతకు పైనుంచి దిగే ఆడవాళ్లలో ఒకామె, నా ఈడుదే, అల్లం తట్టో పనసకాయలో మా కేంద్రం వరండాలో దింపుకుని కాసేపు నడుం వాల్చేది. మొదట్లో ఆమె సొరబుర్రలో తెచ్చుకున్న చోడి అంబలి, అదే రాగి అంబలి, నాకూ పోస్తే ముక్కు మూసుకుని తాగేదాన్ని, అంత పొగరు. రెండు నెలలు తిరక్కుండా నాకు మన్యం జ్వరం తగిలింది. కేంద్రం పెద్దావిడ సెలవులో ఉంది, పలకరించే దిక్కు లేదు, సంతకు వచ్చిన ఆమె తట్ట అక్కడే వదిలేసి ఆరు రోజులు నా మంచం పక్కన కూర్చుంది. గంజి వద్దని మొహం తిప్పుకుంటే, "కిందనించొచ్చిన గుంటవి, ఇక్కడ సచ్చిపోతే మీ అమ్మకి నానేటి సెప్పాల, తాగు" అని తిట్టేది.

జ్వరం తగ్గాక ఆమె తల్లి మా ఇద్దరికీ నేస్తం కట్టాలని పట్టుబట్టింది. సంత దగ్గరనుంచి సగం పూట కొండెక్కితే వాళ్ల ఊరు. ఊరి దేవత రాయి ముందు మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, కొత్త గుడ్డలు ఒకరివి ఒకరికి ఇప్పించి, ఒకే అడ్డాకు విస్తరిలో ఇద్దరిచేతా అన్నం తినిపించారు. చివర్లో ఆ తల్లి నా గడ్డం పట్టుకుని చెప్పింది, "ఇయాల్టినుంచి నువ్వు దాని పేరెత్తకూడదు, అది నీ పేరెత్తకూడదు. పేరెత్తితే ఆ నేస్తానికి ఆయుస్సు తగ్గిపోద్ది." నాకు అదంతా సరదాగా ఉంది. మొదట్లో రెండుసార్లు పేరు నాలుక చివరిదాకా వచ్చి కరుచుకున్నాను కూడా. ఒకసారి సంతలో ఈ కొసనుంచి "నేస్తం" అని కేక వేస్తే ఏడెనిమిది మంది ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు, అందరూ ఎవరికో ఒకరికి నేస్తాలే మరి, మా నేస్తం నవ్వలేక కింద కూలబడింది.

ఆ మరుసటి చలికాలానికి ఆమె కడుపుతో ఉంది. తల్లి నేస్తం తెచ్చిన గుడ్డే బిడ్డ ఒంటిమీద మొదట పడాలని వాళ్లింటి పద్ధతి. నేను కుట్టు టీచర్ని, అంతకంటే నాకు పండగేముంది, మెత్తటి మల్లు గుడ్డ తెప్పించి, గుండీలు గుచ్చుకుంటాయని గుడ్డ నాడాలు పెట్టి, చిన్న చొక్కా కుట్టాను. నెలలు నిండిన ఆమె ఆఖరిసారి సంతకు వచ్చినప్పుడు, కబురు పెట్టిన రోజునే కొండెక్కుతానని చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. తట్ట ఎత్తుకుంటూ ఆమె నవ్వుతూ అంది, "బేగి రావాల. నువ్వొచ్చేదాక నాను గుంటడికి గుడ్డ కప్పను, సలికి ఏడిత్తే నీదే పాపం."

తర్వాతి మంగళవారం మా నాన్న వచ్చాడు. సంబంధం కుదిరింది, పెళ్లివారికి తొందర, ఉద్యోగం మానెయ్యమన్నారట, జీపు బయట నిలబడి ఉంది. శుక్రవారం సంతలో కబురు తెలిసేదాకా ఉంటానంటే మా నాన్న నన్ను వింతగా చూశాడు, కొండమనిషి కోసం పెళ్లి ఆపుకుంటావా అన్నట్టు, నోటితో అనలేదు గానీ. మా ఇళ్లలో ఆ రోజుల్లో ఆడపిల్ల అంతకు మించి ఏం మాట్లాడగలదు. చొక్కా కేంద్రం కాపలాదారు చేతికి ఇచ్చి పంపాలన్న బుద్ధి కూడా ఆ హడావుడిలో నాకు పుట్టలేదు, పెళ్లయిన నెలకు నేనే వచ్చి ఇద్దామనుకున్నాను. పెళ్లయ్యాక మావారి ఉద్యోగం ఎక్కడెక్కడో, అత్తవారిల్లు, వరసగా కాన్పులు. కేంద్రానికి ఒక కార్డు రాస్తే జవాబు లేదు, ఆమెకు రాద్దామంటే పేరు ఎత్తకూడదు, ఊరు ఏదని రాయను. ఎవరికీ చెప్పని మాట ఒకటి మీకు చెబుతున్నాను, ఆ చొక్కా మా పెద్దవాడు తొడుక్కున్నాడు. వాడి ఒంటిమీద అది చూసినప్పుడల్లా, కొండమీద చలిలో ఒక పసిబిడ్డ గుడ్డ లేకుండా పడుకుని ఉన్నట్టు నాకు కనబడేది. ఏళ్లు గడిచినకొద్దీ అది ఎక్కువైంది గానీ తగ్గలేదు. ఆ బిడ్డ బతికిందో లేదో ఒక్కసారి తెలిస్తే చాలని, అంతకన్నా ఏమీ అడగనని, ఎన్ని దేవుళ్లకు మొక్కానో.

హోటల్లో కూర్చున్నాక పొడుగుకాడ గాజు గ్లాసుల్లో, పైన పుదీనా ఆకు వేసి, ఏదో తెచ్చారు. చోడి అంబలి. మా చెల్లెలి కూతురు ఫోటో తీసి, తాగి, అద్భుతంగా ఉందంది. బొంగులో చికెన్ వచ్చింది, వెదురు బొంగును బల్లమీదే చీల్చి వడ్డించారు, కొర్రల బిర్యానీ వచ్చింది, నేను ప్లేటు పక్కకు జరిపాను. ఉండబట్టలేక ఆ పేర్లు పిలిచిన అమ్మాయిని దగ్గరకు పిలిచి, నీది ఈ పక్కేనా అని అడిగి, నా నేస్తం సంగతి చెప్పాను. పాపం మంచి పిల్ల, శ్రద్ధగా విని, "ఊరేటమ్మా?" అంది. పైవూరు అనేవాళ్లమన్నాను. "ఇక్కడ ప్రతి ఊరూ ఏదో ఒక ఊరికి పైవూరేనమ్మా. పోనీ పేరేటి?"

పేరు లేదు. ఆ కొండల్లో చాలామందికి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టేవారని మాత్రం గుర్తుంది. సోమవారందా, బుధవారందా, ఏమో, ఒకవేళ తెలిసినా ఊరికి పదిమంది ఉంటారు. మా చెల్లెలి అల్లుడు బుద్ధిమంతుడు, విసుక్కోకుండా కారు మాట్లాడి, నేను చెయ్యి చూపించిన వైపల్లా తిప్పించాడు. నేను నడిచిన దారిలో వాగు దాటాలి, దాటాక రాళ్లగుట్ట, గుట్ట పక్కనుంచి ఎక్కాలి. కారు వెళ్లే దారిలో వాగు మీద వంతెన ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియలేదు, గుట్ట ఉండాల్సిన చోట గుడారాల బస ఒకటి ఉంది, దాని గేటు దగ్గర మనిషి మాకు గదులు కావాలా అని అడిగాడు. తిరుగు రైలుకు ఇంక గంటే ఉంది. పోనీ సంతలోనైనా కాసేపు దింపమన్నాను.

సంత ఇంకా ఉంది, అదొక్కటే నాకు తెలిసిన చోటు. ముసలివాళ్లు కనబడిన చోటల్లా ఆగి అడిగాను, కొందరు నవ్వారు, కొందరు జాలిపడ్డారు. చివరికి కొండచీపుళ్లు అమ్ముకుంటున్న ఒక ముసలామె, నాకన్నా పదేళ్లు పెద్దదే ఉంటుంది, నన్ను పక్కన గోనెపట్టా మీద కూర్చోబెట్టి మొత్తం వింది. ఇన్నేళ్లుగా ఎవరినీ అడగలేని మాట నేను ఆమెను అడిగాను, నేస్తం వచ్చేదాకా అని అంత చలిలో బిడ్డకు గుడ్డ కప్పకుండా తల్లి ఉంటుందా అని.

"ఎందుకుంటాది, పాత సీర ముక్కలో సుట్టేసుంటాది, తల్లి కాదా" అంది ముసలామె. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆమె చీపుళ్లు సర్దుకుంటూ మళ్లీ అంది, "నమ్మకమున్న నేస్తమయితే ఓ పూట సూసుంటాది."

ఆ తర్వాత ఆమే తన సంగతి చెప్పుకొచ్చింది. ఆమెకూ ఒక నేస్తం ఉండేదట, సర్కారు నర్సు, ఇజీనారం పక్కనుంచి వచ్చి మూడేళ్లు ఇక్కడ పనిచేసి, బదిలీ అయి, మళ్లీ వస్తానని వెళ్లి నలభై ఏళ్లయిందట. విజయనగరం మాదేనన్నాను. ఇక్కడైనా నా వల్ల ఒకరికి మేలు జరుగుతుందని, ఆ నర్సు పేరు చెప్పమన్నాను, మా చెల్లెలి కూతురు ఫోనులో ఎవరినైనా పట్టేస్తుంది. ముసలామె నన్ను, ఇంత వయసొచ్చి ఇదేం అడగడం అన్నట్టు చూసింది. "తెలుసు. నేస్తం పేరు నోట ఎలగంటానమ్మా" అంది. చెవిలో చెప్పమన్నాను, మొదటి అక్షరమైనా అనమన్నాను, తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు ఎవరూ నేస్తం కట్టడం లేదని హోటల్లో ఆ అమ్మాయి చెప్పింది, నంబరు ఉంటే చాలట. నిజమే, నా ఫోనులోనూ రెండు వందల పేర్లున్నాయి, ఏది నొక్కినా ఎవరో ఒకరు పలుకుతారు. ఈ ముసలామె మాత్రం ఒక్క పేరును నలభై ఏళ్లుగా నాలుక దాటనివ్వకుండా మోస్తోంది. పైన ఎక్కడో నా నేస్తం ఉంటే, నా పేరూ అలాగే ఆమె దగ్గర భద్రంగా ఉంటుంది, నేనే అనకూడదని ఊరుకుని ఊరుకుని ఆమె పేరు పోగొట్టుకున్నాను. ఇంతలో రైలుకు వేళయిందని మావాళ్లు వచ్చారు. నేను లేస్తుంటే ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "కిందకెల్తన్నావు గదా, మా నేస్తం కనబడితే నాను బతికే ఉన్నానని సెప్పు." ఎవరికి చెప్పాలో, ఎక్కడని వెతకాలో తెలియకుండానే, తప్పకుండా చెబుతానన్నాను. ఆ కొండల్లో నేను చేతిలో చెయ్యి పెట్టి ఇచ్చిన మాటల్లో అది రెండోది.