వేడి నీళ్ళు పొయ్యమని చెప్పాను

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద అబద్ధమేం కాదు. బట్టలు ఎట్లా ఉతకాలో చెప్పమంటే తప్పుగా చెప్పాను, అంతే. ఈ మాత్రం దానికా ఇంత బాధ అని మీరు నవ్వుతారేమో. నవ్వండి, కానీ పూర్తిగా చదివి నవ్వండి.

అప్పట్లో నేనూ రత్నా పుంగనూరు బయట ఒక రీలింగ్ యూనిట్‌లో పని చేసేవాళ్ళం. పట్టుగూళ్ళను ఉడకబెట్టి దారం తీసే పని. గూటితో పాటు లోపలి పురుగూ ఉడుకుతుంది. ఆ వాసన ఎట్లా ఉంటుందో చెప్పలేను. బట్టల్లోకి దిగిందంటే ఏ సోపుకూ లొంగదు. బస్సులో మా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. మాకేం తక్కువ, కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం అని నవ్వుకునేవాళ్ళం. నవ్వు అక్కడే ఆగిపోయేది.

నాకు మాత్రం ఆ వాసన పోగొట్టే దారి ఒకటి తెలుసు. మా అమ్మది కురబలకోట పక్క గొర్రెలు మేపే ఇల్లు. "కంబళికి వేడి నీళ్ళు తగిలినాయంటే గొర్రె వాసన సచ్చేదాకా పోదు" అనేది. అదే పద్ధతి నా చీరలకూ పట్టించాను. ఇంటికి రాగానే, చెమట ఆరకముందే, చన్నీళ్ళలో వంటసోడా వేసి తెల్లారేదాకా నానబెట్టాలి. పొద్దున కుంకుడు రసంతో ఉతికి, తిరగేసి గాలికి ఆరేయాలి. వాసన పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె తగలకూడదు. వేడి తగిలితే ఆ వాసన నూలుకు పట్టుకుపోతుంది.

మదనపల్లెలో ఒక చీరల షాపులో ఆడమనిషి కావాలన్నారు. ఒక్కరే కావాలి. నేనూ పోతానన్నాను, రత్నా పోతానంది. ఓనరు భార్య ఇద్దరినీ శుక్రవారం వచ్చి ఒక రోజు పని చేసి చూపించమంది. ముందురోజు సాయంత్రం బస్సు దిగాక రత్న నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నీ బట్టలు యాల వాసన రావు? ఏమేస్తాండావు, నాకూ సెప్పు. పాపను సంకనెత్తుకుంటే మొగం తిప్పుకుంటాదక్కా."

"ఏముండాది మే, సలసలా కాగిన నీళ్ళు పొయ్. ఉతికినాంక గుమగుమ వాసనకేసే ఆ నీలం మందు దండిగా ఎయ్. మంచిగా ఇస్త్రీ కొట్టు."

తెలియదు అని ఉంటే సరిపోయేది కదా? ఎందుకు అనలేదు? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. భయం అనుకుంటే కొంచెం ఊరటగా ఉంటుంది. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆ మాట నా నోట్లో నుంచి తడుముకోకుండా వచ్చింది, అదీ నవ్వు మొహంతో, ఆమె పాప గురించి చెప్పిన తరువాత.

శుక్రవారం పొద్దున రత్న చీర గుమగుమలాడింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. చీరల మడతలు విప్పీ వేసీ ఇద్దరమూ చెమటలో తడిసిపోయాం. అప్పుడు లేచింది ఆ వాసన, మందు వాసనను తోసుకుంటూ. ఓనరు భార్య ఒక ఊదుబత్తి వెలిగించింది. కాసేపటికి ఇంకొకటి వెలిగించింది. ఆ షాపులో అమ్మేది పట్టు చీరలే. ఆ పట్టు పుట్టే చోటి వాసన మాత్రం అక్కడ పనికిరాదు. సాయంత్రం నన్ను మాత్రమే రేపటి నుంచి రమ్మంది.

తిరుగు బస్సులో రత్న, "నీకొచ్చింది కదక్కా, అది సాలు," అంది. మనసారా అంది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

తరువాత వాళ్ళాయన పని కుప్పం పక్కకు మారింది. అక్కడా ఆమెకు రీలింగ్ పనే దొరికింది. నేనేమో ఏసీ కింద కూర్చుని చీరలు చూపిస్తున్నాను. సుఖంగా ఉన్నానా అంటే, షాపులో ఎవరైనా "ఏదో వాసన" అన్నారో లేదో నా ముక్కు నా భుజం మీదికి పోతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నిజంగానే తడుముకుంటాను. ఎనిమిదేళ్ళూ ఇదే తంతు.

పోయిన నెల రత్న మా షాపుకొచ్చింది. ఆడబిడ్డ పెళ్ళికి చీర కావాలంది. గడప దాటలేదు. "చీరలకు అంటుకుంటాదిలేక్కా, ఈడికే తెచ్చి సూపించు," అంది నవ్వుతా. మెట్ల మీద నిలబడే చీర తీసుకుని పోయింది.

ఆ తరువాతి ఆదివారం కుప్పం బస్సెక్కాను.

నేను పోయేసరికి రత్న పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసాలో నీళ్ళు కాగబెడుతోంది. పక్కన బట్టల కుప్ప. నన్ను చూసి మొహమంతా వెలిగిపోయింది. "సూడక్కా, నువ్వు సెప్పిందే, ఇప్పుడుకీ ఇడిసిపెట్టలేదు. మా యూనిట్లో ఆడోళ్ళందరికీ నేర్పించినా, మా అక్క సెప్పిందని. నా చేతికే ఎందుకో నీ మాదిరిగా పోదు."

ఎనిమిదేళ్ళు. రోజూ కట్టెలు, రోజూ నీళ్ళు. పోని వాసనకు తప్పు తన చేతిదేననుకుంది.

"ఆ నీళ్ళు దించెయ్ రత్నా," అన్నాను. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. కంబళి మాట, చన్నీళ్ళ మాట, తెలిసే తప్పు చెప్పిన మాట. ఏడుపు రాలేదు. వస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వచ్చేది, అది ఇంకో మోసమయ్యేది.

రత్న లేచి, గుడ్డతో డేగిసా పట్టుకుని ఆ నీళ్ళన్నీ కాలవలో పారబోసింది. ఆవిరి తగ్గాక అడిగింది, "సల్లనీళ్ళల్లో ఎంతసేపు నానాల?"

"తెల్లారేదాకా."

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని అన్నం తినిపొమ్మని అనకుండా పంపరు. రత్న ఆ మాట అనలేదు. అనకపోవడమే న్యాయం. గుమ్మం దాకా కూడా రాలేదు.

అయినా మీకు చెప్పకేం, బస్టాండు దాకా నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. ఆమె మన్నించలేదు. మన్నిస్తుందో లేదో తెలియదు. కానీ ఆ మాట ఇక నా కడుపులో లేదు. చన్నీళ్ళ సంగతి రేపటికల్లా వాళ్ళ యూనిట్ అంతా తెలుస్తుంది, ఎవరు దాచారో కూడా తెలుస్తుంది. తెలియనీ.

పలమనేరు దాటాక ముందు సీటులో ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "యాడిదబ్బా ఈ వాసన?" అంది. రత్న పెరట్లో అంతసేపు నిలబడి వచ్చాను, నా మీదిదే అయ్యుంటుంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి నా తల నా భుజం వైపు తిరగలేదు.

"నాదేనమ్మా," అన్నాను.