ఎఫిజేనియాకు నచ్చని ముక్కలు

దోనా ఎఫిజేనియాకు ఎవరు కుట్టిన బొంతముక్కా నచ్చేది కాదు. డెబ్బై రెండేళ్లలో ఆవిడ మెచ్చుకున్న ఆరు మూలలవి రెండే: ఒకటి తను కుట్టింది, రెండోది తేనెటీగ కట్టింది.

మినాస్ కొండల్లోని ఆ ఊళ్లో ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్లు చర్చి వసారాలో చేరేవారు. కాగితపు అచ్చు మీద గుడ్డ మడిచి, ఆరు మూలలవీ మూడు మూలలవీ కలిపి బొంత కుట్టేవారు. ఆ ఏటి బొంత సంత్ అంతోనియో పండుగనాడు పెళ్లాడే జంటకి. కాఫీ చల్లారకముందే ఎఫిజేనియా తనిఖీ మొదలయ్యేది.

"ఇదేమిటే నెయూజా, బంగాళాదుంపా?"

"ఆరు మూలలుంటే దుంపెలా అవుతుందండీ? లెక్కపెట్టుకోండి."

"పెట్టా. ఐదున్నర."

ఒకసారి పాద్రీగారు బొంతని దీవించబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఆగండి స్వామీ, ఇంకా విప్పాల్సినవున్నాయి."

విప్పి కుట్టడానికని అందరి ముక్కలూ ఆవిడ సంచిలోకి వెళ్లి, మరుసటి వారం తిరిగొచ్చేవి. మే నెలలో నెయూజావి పద్నాలుగుకి పద్నాలుగూ వెళ్లాయి. "ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి!" అని మర్నాడే వాటికోసం ఎఫిజేనియా ఇంటికి బయల్దేరింది నెయూజా.

తలుపు తీసే ఉంది. నెయూజా ముక్కలు బల్లమీద ఇస్త్రీ చేసి పెట్టి ఉన్నాయి. ఒక్క కుట్టూ విప్పలేదు. ఎఫిజేనియా ఒళ్లో మాత్రం సగం విప్పిన నీలిచుక్కల గుడ్డముక్క ఉంది. దాని కుట్లు తాగినవాడి నడకలా ఉన్నాయి. ఆ గుడ్డ అల్జీరాది. ఊళ్లో సగం మందికి పెళ్లిగౌన్లు కుట్టిన మనిషి, బుధవారాల్లో తమతోపాటే కూర్చుంటుంది.

"నావి విప్పలేదేం?"

"విప్పడానికేముంది? బాగానే ఉన్నాయిగా."

నెయూజా ఆ నీలిచుక్కల ముక్క కేసి చూసింది.

"అల్జీరాకి చూపు ఆనడం లేదే అమ్మాయ్. ఆవిడవి మాత్రమే విప్పడానికి తెచ్చానంటే మళ్లీ గడప దాటుతుందా? అందుకని అందర్నీ తిడుతున్నా. ఎక్కడైనా నోరు జారావో, నాలుక కుట్టేస్తా!"

"మరి నాలుగేళ్లుగా తిడుతూనే ఉన్నారే? అప్పుడు ఆవిడ కళ్లు బాగానే ఉండేవిగా?"

ఎఫిజేనియా ఇంకో కుట్టు విప్పుతూ, "అది అలవాటు," అంది.

బుధవారం నెయూజా వెళ్లి అల్జీరా పక్కన కూర్చుంది. పది సూదుల్లో దారం ఎక్కించి ఆవిడ ముందున్న గుడ్డకి గుచ్చింది. "ఏదో చేతులూరుకోక," అంది. అల్జీరా నవ్వి ఓ సూది అందుకుంది.

ఎదుటి నుంచి గొంతు లేచింది: "అంత పొడుగు దారమా! బద్ధకస్తుల కుట్టు!"

"తప్పేనండీ దోనా ఎఫిజేనియా," అంటూ నెయూజా పదకొండో సూదిలోకి అంతే పొడుగు దారం ఎక్కించింది.